మాచనూరు గొంతు

పిల్లలూ! రేడియోలో మాట్లాడాలంటే పెద్ద చదువులు చదవాలనీ, పుస్తకాల భాష రావాలనీ మీలో చాలామంది అనుకుంటారు. ఆ ఊహను తలకిందులు చేసిన ఊరు మన సంగారెడ్డి జిల్లాలోనే ఉన్నది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలు దాటి, బొంబాయి రోడ్డున పడమటికి పోతే జహీరాబాదు వస్తుంది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఒకటి మాచనూరు.

అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ పేద దళిత స్త్రీల సంఘాలతో పని చేస్తూ వచ్చింది. జొన్న, కొర్ర, సామ పండించడం, విత్తనం దాచడం, నాట్ల పాటలు, పండుగ పాటలు—ఇవన్నీ ఆ స్త్రీలకు కంఠతా వచ్చు. కాని వినేవారేరీ? అందుకని తమకొక రేడియో కావాలన్నారు. 1998 ప్రాంతంలో యునెస్కో సాయంతో యంత్రాలు వచ్చాయి. అనుమతి మాత్రం రాలేదు!

ప్రసార తరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995 లోనే చెప్పింది. అయినా ఇటువంటి సంస్థలు రేడియో పెట్టుకునేందుకు ప్రభుత్వం నియమాలు సడలించింది 2006 లో. అంతవరకూ వారు చేతులు ముడుచుకుని కూచున్నారా? లేదు. కార్యక్రమాలు తయారుచేసి, క్యాసెట్ల కెక్కించి, సంఘాల సమావేశాల్లో వినిపించారు. చివరకు 2008 అక్టోబరు 15 న 'సంఘం రేడియో' పలికింది. 1995 తీర్పు చెప్పిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్ గారే వచ్చి ప్రారంభించారు.

దాని స్థానం 90.4 మెగాహెర్ట్జ్. అంటే ఆ తరంగం సెకనుకు 9 కోట్ల 4 లక్షల సార్లు కంపిస్తుందన్నమాట. ఆ వేగం మీద సవారీ చేసింది మాత్రం అచ్చమైన పల్లె మాటే!

యంత్రాలు నడిపిన జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ ఆ పల్లెల అమ్మాయిలే. పెద్దవారికి పాట వచ్చు, మీట నొక్కడం రాదు. చిన్నవారికి మీట తెలుసు, పాటలన్నీ తెలియవు. కనక ఒకరికొకరు గురువులయ్యారు.

పటాన్‌చెరు బడుల్లో ఒరియా, హిందీ, మరాఠీ మాట్లాడే కార్మికుల పిల్లలు కూడా ఉంటారు. తెలుగు సరిగా రాదని నోరు మెదపని పిల్లవాణ్ణి వాళ్ళ ఇంటి పాట పాడమనండి. గొంతు దానంతటదే పెగులుతుంది. తానే ఎక్కువ మాట్లాడేవాడు నాయకుడు కాడు, పిల్లలూ. వంతు రాని వాడికి వంతు ఇప్పించేవాడు నాయకుడు.

ఈ నెల మీకొక పని. నలుగురు జట్టు కట్టండి. మీ వీధిలో ఒక అవ్వనో, ఫ్యాక్టరీలో పని చేసే మామనో అనుమతి అడిగి, ఒక పాటో, వారి పనిలోని ఒక కిటుకో చెప్పమనండి. ఒకరు అడగాలి, ఒకరు ఫోనులో ఎక్కించాలి, ఒకరు రాసుకోవాలి, నాలుగోవారు అందరికీ వంతు వచ్చేటట్టు చూడాలి. మరుసటిసారి పనులు మార్చుకోండి. ఎక్కించినది ముందుగా వినవలసింది మీ తరగతి కాదు, చెప్పినవారే. వారు సరేనన్న తరువాతనే బడిలో వినిపించండి.

ఏం నేర్చుకున్నారో నాకు ఉత్తరం రాస్తారు కదూ?