రేసు తెస్తే రేసింగ్ వచ్చినట్టేనా?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ విద్యుత్ కార్లు పరుగెత్తాయి. 2.8 కిలోమీటర్ల రోడ్డు సర్క్యూట్ మీద ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ప్రభుత్వం మారాక, 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు జనవరిలోనే రద్దయింది. రేసు నిర్వాహకులకు చేసిన చెల్లింపుల వివాదం కేసుల దాకా వెళ్లింది. అందులో తప్పొప్పులు తేల్చాల్సింది కోర్టులు. అయితే వాదులాడుకుంటున్న ఇరుపక్షాలూ ప్రశ్నించని నమ్మకం ఒకటుంది. ప్రపంచస్థాయి రేసు ఒకటి మన రోడ్ల మీద జరిగితే చాలు, మోటార్ స్పోర్ట్ మన ఇంటికి వచ్చినట్టేనని. రద్దును తిట్టేవారు ఆ అవకాశం పోయిందంటారు, మెచ్చేవారు ధర ఎక్కువైందంటారు. నా అభ్యంతరం ఆ నమ్మకం మీదనే.

మన దేశపు అనుభవమే దీనికి ఎదురుసాక్ష్యం. నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 దాకా మూడు ఫార్ములా వన్ రేసులు జరిగి ఆగిపోయాయి. 2023లో అక్కడికే వచ్చిన మోటో జీపీ మరుసటి ఏడాది తిరిగి రాలేదు. డ్రైవర్ నరైన్ కార్తికేయన్ ఫార్ములా వన్‌లో అడుగుపెట్టింది 2005లో, అంటే బుద్ధ్ సర్క్యూట్‌లో తొలి రేసుకు ఆరేళ్ల ముందు. కరుణ్ చాందోక్ 2010లో ఫార్ములా వన్‌కు చేరి, 2012లో లె మాన్స్ 24 గంటల రేసులో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. ఆయన జట్టు ఆరో స్థానంలో నిలిచింది. ఒకరిది కోయంబత్తూరు, మరొకరిది చెన్నై. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, షోలవరం పాత విమాన రన్‌వే మీది పోటీలు, తర్వాత ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ దశాబ్దాలుగా తయారుచేసిన వాతావరణం వారిది. ముందు మనుషులు తయారయ్యారు, పెద్ద రేసు ఆ తర్వాత వచ్చింది. మన హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి జాతీయ టైటిల్ గెలిచింది కూడా ఫార్ములా ఈ రాకముందే.

రేసు కన్నా ముందు మనుషులూ జట్లూ కావాలన్నది ఇంకా స్పష్టంగా కనిపించేది గ్రాండ్ టూరింగ్ (జీటీ) కార్ల ఎండ్యూరెన్స్ రేసుల్లో, అంటే గంటల తరబడి సాగే పోటీల్లో. రేసుల నిర్వాహకుడు స్టెఫాన్ రాటెల్ నడిపించిన సిరీస్‌లలో 2006లో మొదలైన జీటీ3 తరగతి వ్యాపార సూత్రం సులువు. ఫెరారీ, పోర్షె, మెర్సిడెస్ లాంటి కంపెనీలు కార్లు చేసి అమ్ముతాయి, ప్రైవేటు జట్లు కొని పోటీకి దింపుతాయి. ఒక కారు మరీ ముందుకు దూసుకుపోకుండా బరువునూ ఇంజిన్ శక్తినీ సర్దుతారు. బెల్జియంలోని స్పా 24 గంటల రేసులో అరవై పైచిలుకు కార్లు ఏడు కిలోమీటర్ల ట్రాక్ చుట్టూ తిరుగుతాయి. ఆరో గంటకూ, పన్నెండో గంటకూ కూడా పాయింట్లిస్తారు. టైర్లు, ఇంధనం, డ్రైవర్ల మార్పు, అర్ధరాత్రి బ్రేకుల మరమ్మతు అన్నీ ఫలితాన్ని తేలుస్తాయి. పైగా 2024లో ప్రపంచ ఎండ్యూరెన్స్ సిరీస్‌లోకి వచ్చిన ఎల్ఎంజీటీ3 తరగతిలో ప్రతి కారులో ఒక బ్రాంజ్ శ్రేణి డ్రైవర్ ఉండి తీరాలి. ఆ శ్రేణిలో ఎక్కువమంది బతుకుతెరువుకు వేరే పని చూసుకునే ఔత్సాహికులే. అంటే ఈ క్రీడ నిలబడింది గ్యారేజీ మీద, జట్టు మీద. రోడ్డు అలంకారం దానికి అవసరం లేదు.

కోట్లు పలికే ఆ కార్లతో మన వరంగల్‌కేం పని అని అడగవచ్చు. ఆ కార్లు కొనమనడం లేదు. వాటి వెనకున్న పద్ధతి మాత్రం ఇక్కడ అందుబాటులోనే ఉంది. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన ఎన్ఐటీ ఈ ఊళ్లోనే ఉంది, కిట్స్ ఇంజినీరింగ్ కళాశాల కూడా ఉంది. విద్యార్థులు స్వయంగా వాహనం తయారుచేసి తోలే బాహా పోటీలో నాలుగు గంటల ఎండ్యూరెన్స్ పరుగుదే పెద్ద వాటా. అక్కడ వేగం కన్నా చివరిదాకా చెడిపోకుండా నిలవడం ముఖ్యం. విరిగిన యాక్సిల్‌ను నిమిషాల్లో మార్చగలిగిన జట్టుకు పరుగులో నిలిచే ఆశ ఉంటుంది. వర్క్‌షాప్, వెల్డింగ్ యంత్రం, పరీక్షించుకునేందుకు కాస్త నేల ఇస్తే ఏ జిల్లా కళాశాలైనా ఈ దారి పట్టవచ్చు.

ఆదాయం మాటేమిటన్నది మరో అభ్యంతరం. హైదరాబాద్ రేసు వల్ల దాదాపు 8.4 కోట్ల డాలర్ల ఆర్థిక ప్రయోజనం కలిగిందని నిర్వాహకులు ప్రకటించారు. ఆ లెక్క నిజమే అనుకుందాం. పెళ్లి పందిరి ఉన్నంతకాలం ఊళ్లో వ్యాపారం పెరుగుతుంది, పందిరి తీసేశాక అక్కడ ఇల్లేమీ మిగలదు. పదకొండు జట్లూ కార్లతో, ఇంజినీర్లతో వచ్చి, వాటితోనే వెళ్లిపోయాయి. అంతర్జాతీయ రేసులు వద్దని కాదు. సొంత లాభం చూసుకునేవారు తమ ఖర్చుతో తెచ్చుకోవచ్చు. ప్రజాధనాన్ని మాత్రం ఒక్క రోజు రోడ్డుకు కాక, ఏడాది పొడవునా పనిచేసే వర్క్‌షాపులకూ జిల్లాల విద్యార్థి జట్లకూ ఖర్చుపెట్టాలి. ఒక రాష్ట్రానికి మోటార్ స్పోర్ట్ ఉందో లేదో తేల్చడానికి ఎన్ని రేసులు జరిగాయని అడగకూడదు. ఎంతమంది మెకానిక్‌లు, ఇంజినీర్లు, డ్రైవర్లు ఇక్కడ తయారయ్యారని అడగాలి.