నిద్ర సీటు మీద కర్చీఫ్

మా నాన్న పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ చేస్తాడు. నెలలో కొన్ని రోజులు నైట్ పడుతుంది. రాత్రంతా మెషిన్ల దగ్గర నిలబడి, పొద్దున ఏడున్నరకి తెల్లాపూర్‌లో కంపెనీ బస్సు దిగి, ఇంటికొచ్చి స్నానం చేసి పడుకుంటాడు. పోయిన సెమిస్టర్‌లో ఒక పొద్దున ఆయన వచ్చేసరికి నేనింకా ల్యాప్‌టాప్ ముందే ఉన్నాను. డీబీఎంఎస్ అసైన్‌మెంట్‌కి అదే ఆఖరి రోజు. టేబుల్ మీద రెండు ఖాళీ కాఫీ మగ్గులు. నాన్న చెప్పులు విప్పుతూ నన్ను చూశాడు, మగ్గుల్ని చూశాడు. "నేను రాత్రంతా మేల్కొంటే కంపెనీ జీతమిస్తది. నీకెవరిస్తున్నర్రా?" అని లోపలికి పోయాడు.

నవ్వొచ్చింది కానీ జవాబు రాలేదు. నిజం చెప్పాలంటే ఆ అసైన్‌మెంట్ ఇచ్చి పన్నెండు రోజులైంది. అందులో పదకొండు రోజులు నేను దాన్ని ముట్టుకోలేదు. నాన్న మేల్కోవడం ఆయన చేతిలో లేని పని. నాది మాత్రం నేను తెచ్చిపెట్టుకున్నది, కాఫీ పోసి నడిపించింది.

అందుకే ఈ వ్యాసం. కాఫీ చెడ్డది, మానేయండి అని చెప్పడానికి కాదు. మన కాలేజీలో చాలామందిమి 'కాఫీ లేకపోతే నా బుర్ర పనిచేయదు' అని గొప్పగా చెప్పుకుంటాం. నా దృష్టిలో అది నిద్ర దగ్గర చేసిన అప్పు. అప్పు గురించి ఎవరూ స్టేటస్ పెట్టుకోరు కదా. దీని గురించి మాత్రం పెడతాం. ఆ అప్పు ఎలా పెరుగుతుందో, నేనెలా కొంత తీర్చానో, మనమందరం కలిసి ఏం చేయొచ్చో చెప్తాను.

మా ఇంట్లో అందరూ చాయ్ తాగేవాళ్లే. కాఫీ నాకు కాలేజీలో అలవాటైంది. ఫస్ట్ ఇయర్‌లో క్యాంటీన్ మెషిన్ దగ్గర ఫ్రెండ్స్‌తో నిలబడి మాట్లాడటానికి మొదలుపెట్టాను. సెకండ్ ఇయర్‌కి వచ్చేసరికి మెషిన్ దగ్గర మూడు చిన్న కప్పులు, ఇంటికొచ్చాక రెండు పెద్ద మగ్గులు. మగ్గుకి రెండు స్పూన్ల పొడి. ఇది ఎక్కువో తక్కువో నాకు తెలీదు. ఎప్పుడైనా లెక్కపెడితే కదా.

లెక్కకి కావలసిన కొలతలు మన తార్నాకలోనే దొరికాయి. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ (ఎన్.ఐ.ఎన్.) 2024 మే నెలలో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం 150 మిల్లీలీటర్ల కప్పుని ఒక లెక్కగా తీసుకుంటే, డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65. చాయ్‌లో 30 నుంచి 65. అన్నీ కలిపి రోజుకి 300 దాటొద్దు అని సలహా.

ఇప్పుడు నా లెక్క. మెషిన్ దగ్గర మూడు చిన్న కప్పులు అంటే రెండు మామూలు కప్పులు అనుకుందాం. ఇంట్లో ఒక్కో మగ్గు రెండు కప్పులు, మొత్తం నాలుగు. ఆరు కప్పులకి 300 నుంచి 390 మిల్లీగ్రాములు. పరీక్షల వారంలో దీని మీద ఒక ఎనర్జీ డ్రింక్. కెఫీన్ కలిపిన డ్రింకుల్లో లీటరుకి 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని మన ఆహార భద్రతా సంస్థ నియమం. అంటే 250 మిల్లీలీటర్ల బాటిల్‌లో 75 దాకా. అమ్మ పొద్దున ఇచ్చే చాయ్‌ని నేను లెక్కలోకే తీసుకోలేదు. చాయ్‌లో కూడా కెఫీన్ ఉంటుందన్న సంగతి నాకు గుర్తే లేదు.

అసలు కెఫీన్ ఏం చేస్తుంది? పండగప్పుడు ఆర్టీసీ బస్సు ఎక్కినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మనం మేల్కొని పనిచేస్తున్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది వెళ్లి కూర్చోవడానికి మెదడు కణాల మీద సీట్లు ఉంటాయి. సీట్లు నిండే కొద్దీ నిద్ర వస్తుంది. కెఫీన్ ఆకారం అడినోసిన్ ఆకారానికి దగ్గరగా ఉంటుంది. అందుకని అది వచ్చి ఆ సీటు మీద కిటికీలోంచి కర్చీఫ్ వేస్తుంది. సీటు ఖాళీగానే ఉన్నట్టుంటుంది, కానీ అడినోసిన్ కూర్చోలేదు. నిద్ర రాదు.

అయితే నిలబడ్డ జనం ఎక్కడికీ పోలేదు. ఎక్కుతూనే ఉన్నారు. కర్చీఫ్ తీయగానే అందరూ ఒకేసారి కూర్చుంటారు. సాయంత్రం నాలుగింటికి ల్యాబ్‌లో మనకొచ్చే ఆ మొద్దు అలసటలో కొంత భాగం ఇదే. కాఫీ మనకి కొత్తగా శక్తేమీ ఇవ్వలేదు. అలసట కబురు మనదాకా రాకుండా కాసేపు ఆపింది, అంతే.

రోజూ ఇలాగే చేస్తుంటే మెదడు ఊరుకోదు. ఇంకొన్ని సీట్లు వేసుకుంటుంది. మొదట్లో ఒక కప్పుకి వచ్చిన చురుకుదనం కోసం ఇప్పుడు మూడు కప్పులు కావాలి. ఒక్కరోజు కాఫీ పడకపోతే, పాత సీట్లూ కొత్త సీట్లూ అన్నీ ఒకేసారి నిండిపోతాయి. తలనొప్పి, చిరాకు, మబ్బు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక సమస్యల మాన్యువల్‌లో కెఫీన్ ఆపినప్పుడు వచ్చే ఈ లక్షణాలకి విడిగా చోటిచ్చారు. అంటే ఇది వేషం కాదు, ఒళ్లు బలహీనత కూడా కాదు. మామూలుగా ఆపిన 12 నుంచి 24 గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజుల్లో బాగా ఎక్కువై, రెండు నుంచి తొమ్మిది రోజుల్లో పోతుంది.

ఇవేవీ చదవకముందే నేను ఒక ఆదివారం హీరోలాగా కాఫీ పూర్తిగా మానేశాను. సాయంత్రానికి కళ్ల వెనకాల ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది. సోమవారం క్లాసులో సార్ బోర్డు మీద రాస్తున్నది కనిపిస్తోంది కానీ బుర్రలోకి పోవట్లేదు. అమ్మ చెయ్యి నుదుటి మీద పెట్టి చూసి, "జరం లేదు గదరా, మరేందట్ల ఉన్నవ్?" అంది. కాఫీ మానేశానని చెప్తే నమ్మలేదు. మెడికల్ షాపుకి పోయి తలనొప్పి మాత్ర తెచ్చుకుని వేసుకున్నాను. పావుగంటలో ప్రాణం లేచొచ్చింది. తర్వాత స్ట్రిప్ వెనక్కి తిప్పి చూస్తే, అందులో ఉన్న మందుల్లో కెఫీన్ ఒకటి. కొన్ని తలనొప్పి మాత్రల్లో కెఫీన్ కలుపుతారని నాకప్పుడే తెలిసింది. మానేసిన రెండో రోజే, డబ్బులిచ్చి మరీ మళ్లీ మొదలుపెట్టానన్నమాట. ఆ సాయంత్రం మగ్గు కూడా తీశాను.

రెండోసారి తెలివిగా చేశాను. ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. మొదటి వారం ఏమీ తగ్గించలేదు, ఫోన్‌లో రాసుకున్నాను, అంతే. ఎన్నింటికి, ఎంత, ఎందుకు. 'ఎందుకు' అన్న గడిలో సగానికి పైగా 'ఊరికే', 'వాళ్లు వెళ్తుంటే వెళ్లా' అని ఉంది. ముందు అవి పోయాయి. ఫ్రెండ్స్‌తో మెషిన్ దాకా వెళ్లడం మానలేదు, కప్పు తీసుకోవడం మానాను. తర్వాత ఇంట్లో మగ్గు పక్కన పెట్టి చాయ్ తాగే చిన్న స్టీల్ గ్లాసు తీసుకున్నాను. రెండు స్పూన్లు ఒకటిన్నర, నాలుగు రోజులకి ఒకటి. ఇలా మూడు వారాలు పట్టింది. తల కొంచెం బరువుగా ఉన్న రోజులున్నాయి, సుత్తి దెబ్బలు మాత్రం లేవు.

అన్నిటికంటే పనిచేసిన రూలు ఒకటుంది: మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. కెఫీన్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఇది మనిషిని బట్టి మారుతుంది. రాత్రి పదింటికి 100 మిల్లీగ్రాములు తాగితే తెల్లవారుజామున మూడింటికి ఇంకా 50 మిగిలే ఉంటుంది. 2013లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో, పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవాళ్లకి కూడా నిద్ర గంటకి పైగా తగ్గింది. 'నాకైతే కాఫీ తాగినా నిద్ర పడుతుంది' అనే ఫ్రెండ్స్ నాకూ ఉన్నారు. పట్టొచ్చు. ఆ నిద్ర ఎంతసేపు, ఎంత గట్టిగా అన్నది వేరే సంగతి.

ఇప్పుడు నాకు పొద్దున ఒకటి, లంచ్ అయ్యాక గంటకి ఒకటి. ఆ గంట ఎందుకంటే భోజనానికి ముందూ తర్వాతా ఒక గంట కాఫీ, చాయ్ వద్దని కూడా ఎన్.ఐ.ఎన్. చెప్పింది. వాటిలో ఉండే టానిన్లు మనం తిన్న అన్నంలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. అమ్మాయిలకి, అమ్మలకి ఇది ఇంకా ముఖ్యం. మా అమ్మకి చదివి వినిపిస్తే, "అన్నం తిన్నంక చాయ్ తాగకుంటే తిన్నట్టే ఉండదు" అంది. ఆమెకి ఐరన్ మాత్రలు రాసిచ్చారు, రోజూ వేసుకుంటుంది. ఇంకా ఒప్పిస్తున్నాను.

మిడ్ పరీక్షల ముందు రాత్రి ఒకసారి మళ్లీ మగ్గు తీశానని కూడా ఒప్పుకోవాలి. ఆ పేపర్ ఏమీ గొప్పగా రాయలేదు.

మీలో కొందరి ప్రశ్న నాకు వినిపిస్తోంది. కాఫీ కూడా వద్దంటే ఇంకేం మిగిలింది బ్రో? కాఫీ మీద దండకం రాసుకున్న భాష మనది. అరకులో గిరిజన రైతులు పండించే అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది మనకి గర్వం. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆలోచించండి, దండకం రాయాలనిపించే కాఫీని ఎవరూ రాత్రి రెండింటికి కోడ్ ఎర్రర్ చూస్తూ గుటకలేయరు. కూర్చుని, వాసన చూసి తాగుతారు. రోజుకి ఐదు తాగినప్పుడు నాకు ఒక్కదాని రుచీ గుర్తులేదు. ఇప్పుడు పొద్దుటి కాఫీ రుచి తెలుస్తోంది.

రెండో ప్రశ్న ఇంకా గట్టిది. సిలబస్ అంత, డెడ్‌లైన్లు అన్ని, ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్ ఇంకోపక్క. నిద్రపోతే ఎలా? కొన్ని రాత్రులు నిజంగానే తప్పవు. హాస్టల్‌లో పార్ట్ టైమ్ పని చేసుకుంటూ చదివేవాళ్లకి నేను నీతులు చెప్పలేను. కానీ చదివింది మెదడులో కుదురుకునే పని చాలావరకు నిద్రలోనే జరుగుతుంది. నిద్ర తీసేసి చదవడం అంటే ఫైల్ సేవ్ చేయకుండా టైప్ చేస్తూ పోవడమే. సీఎస్ వాళ్లకి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

ఇక క్యాంపస్ మాట. మన 24 గంటల హ్యాకథాన్ పోస్టర్లు గుర్తు తెచ్చుకోండి. ప్రైజ్ మనీ పక్కనే పొగలు కక్కే కప్పు బొమ్మ, 'రాత్రంతా కాఫీ ఫ్రీ' అని. రాత్రి రెండు తర్వాత టీముల్లో జరిగేది నేను చూశాను. పదింటికి నడిచిన కోడ్‌ని మూడింటికి మనమే పాడుచేసి, ఐదింటికి మళ్లీ పదింటి వెర్షన్‌కే వెళ్తాం. రాత్రి పదకొండుకి ఆపి పొద్దున ఆరింటికి మొదలుపెడితే ఏం పోతుంది? కనీసం ఒక్కసారి అలా పెట్టి చూద్దాం. కాఫీ పక్కన మజ్జిగ, నిమ్మరసం, నీళ్లు కూడా పెడదాం. మన సాహితీ క్లబ్ కూడా తక్కువ తినలేదు. సాయంత్రం ఆరింటికి కవితల మీటింగ్ పెట్టి, వచ్చినవాళ్లందరికీ అడక్కుండానే కాఫీ చేతిలో పెడతాం. మొదలు మననుంచే అవ్వొచ్చు.

రాత్రిపూట మా డాబా ఎక్కితే ఔటర్ రింగ్ రోడ్ వైపు అపార్ట్‌మెంట్ టవర్లలో ఒంటిగంటకి కూడా లైట్లు కనిపిస్తాయి. అటు పటాన్‌చెరులో నైట్ షిఫ్ట్ నడుస్తుంటుంది. మేల్కోక తప్పనివాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. తప్పించుకోగలిగే వీలు మనకింకా ఉంది. ఉద్యోగం వచ్చాక ఉంటుందో లేదో.

పోయిన వారం నాన్నకి మళ్లీ నైట్ పడింది. పొద్దున ఆయన వచ్చేసరికి నేను నిద్ర లేచి ఉన్నాను. ఇద్దరికీ చాయ్ పెట్టాను. ఆయన గ్లాసు పక్కన పెట్టి, "నాకొద్దురా. మూడు దాటినంక చాయ్ తాగితే ఇంటికొచ్చినంక నిద్ర పట్టదు. ఇన్నేండ్ల సంది అంతే" అన్నాడు. నేను మూడు వారాలు చదివి, ఫోన్‌లో లెక్కలు రాసుకుని కనిపెట్టిన రూలు అది. నాన్న గ్లాసు కూడా నేనే తాగబోయి, గుర్తొచ్చి సింక్‌లో పారబోశాను.