పాదాల గురించి అడిగిన బడి

1937లో ఐర్లండ్ పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల చేత రాయించిన అంశాల్లో ‘పాదాల సంరక్షణ’ ఒకటి. ఇంటికి వెళ్లి పెద్దవాళ్లను అడిగి రమ్మన్నారు. మీ రోజుల్లో ఎన్నేళ్లు వచ్చాక జోళ్లు తొడిగేవారు? వాటిని కుట్టేది ఎవరు? కాళ్లు కడిగిన నీళ్లను ఏం చేసేవారు? పిల్లలు అడిగారు, రాసుకొచ్చారు. పెళ్లీడు వచ్చేదాకా ఉత్తకాళ్లతో తిరిగినవాళ్లు ఆ రాతల్లో కనిపిస్తారు. ఆదివారం జోళ్లు చేతపట్టుకుని మైళ్లకొద్దీ నడిచి, చర్చి దగ్గరపడ్డాక మాత్రమే తొడుక్కున్నవాళ్లు కనిపిస్తారు. కాళ్లు కడిగిన నీళ్లు రాత్రిపూట ఇంట్లో ఉంచితే, కంటికి కనబడని జాతివాళ్లకు ఆ నీళ్లే తలుపు తీస్తాయని నమ్మి, పడుకునే ముందు బయట పారబోసిన ముసలమ్మలు కనిపిస్తారు.

రాజుల పేర్లతో, యుద్ధాల తేదీలతో నిండిన ఏ చరిత్ర పుస్తకంలోనూ ఈ పాదాలు లేవు. ఒక జాతి తన గతాన్ని గురించి అడగదగిన ప్రశ్న ఇదేనని ఆ పథకాన్ని ఆలోచించినవాళ్లకు తోచింది. వాళ్ల పట్ల మాకున్న గౌరవమే ఈ నెల సంపాదకీయానికి కారణం.

ఆ పథకాన్ని నడిపిన ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ 1935లో ఏర్పడింది. దాని సంచాలకుడు షేమస్ ఓ డూలార్గ, సేకరించిన రాతప్రతులను క్రమపరిచే బాధ్యత షాన్ ఓ సూలవాన్‌ది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పదిహేనేళ్లు కూడా నిండలేదు. జనాభా 30 లక్షలకు కాస్త తక్కువ. ఖజానాలో డబ్బు లేదు. అయినా వీళ్లిద్దరూ విద్యాశాఖనూ, ఉపాధ్యాయ సంఘాన్నీ ఒప్పించి 55 అంశాలతో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి బడులన్నిటికీ పంపారు. పదకొండేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు మామూలుగా రాసే వ్యాసానికి బదులు, ఇంట్లోనో ఇరుగుపొరుగునో విన్నది రాయాలి. వాటిలో మంచివాటిని పెద్ద పుస్తకంలోకి ఎక్కించాలి. 5,000 బడులు, 50,000కు పైగా పిల్లలు ఈ పనిలో పాల్గొన్నారు. పిల్లల నోటుపుస్తకాలూ, బైండు చేసిన సంపుటాలూ కలిపి సుమారు 7,40,000 పుటలు ఇవాళ డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ఉన్నాయి.

అంశాల జాబితా చదువుతుంటేనే ఒక ఊరు కళ్లముందు నిలుస్తుంది. ఊరి కొలిమి, సంత, రొట్టె, వాన రాకడను చెప్పే గుర్తులు, పాతిపెట్టిన నిధులు, పొడుపుకథలు, ఇంట్లో చేసుకున్న బొమ్మలు, భూస్వామి, పాతకాలపు తిండి. వెన్న తీయడం మీద ఒక అంశం ఉంది. చిలుకుతున్న వేళ ఇంట్లోకి అడుగుపెట్టిన మనిషి ఎవరైనా ఒక చెయ్యి వేసి తీరాలి, వెయ్యకుండా వెళ్లిపోతే ఆ ఇంటి వెన్న కూడా అతని వెంటే పోతుంది. మే నెల మొదటి రోజున ఇంట్లోంచి పాలుగాని నిప్పుగాని బయటికి ఇవ్వరు. ఆవు ఒట్టిపోతే ఆ ఏడు గడవడం ఎంత కష్టమో అనుభవించిన ఇళ్లలో పుట్టిన భయాలు ఇవి. మూఢనమ్మకాలని తోసేస్తే, ఆ భయం వెనకున్న లేమి కూడా మన కళ్లబడకుండా పోతుంది.

అయితే ఈ పథకంలో మమ్మల్ని అన్నిటికన్నా కదిలించేది బడి పాత్ర. 1831లో బ్రిటిష్ ప్రభుత్వం ఐర్లండ్‌లో జాతీయ పాఠశాలలు పెట్టింది. బోధన ఇంగ్లీషులో. చాలాచోట్ల పిల్లవాడి మెడలో ఒక కర్రముక్క వేలాడదీసేవారు. ఐరిష్‌లో మాట్లాడినప్పుడల్లా దానిమీద ఒక గంటు పడేది, గంట్లు లెక్కపెట్టి దెబ్బలు కొట్టేవారు. వేల్స్ బడుల్లోనూ వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో ఇలాంటి చెక్కే వేసేవారు. ఐర్లండ్‌లో కన్నవాళ్లే ఇంట్లో ఆ గంట్లు పెట్టి మాస్టారికి పంపిన సందర్భాలు ఉన్నాయి. వాళ్లను తప్పుపట్టడం మాకు చేతకాదు. 1845లో మొదలైన బంగాళాదుంప కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు, మరో పది లక్షలమంది ఓడలెక్కి వెళ్లిపోయారు. రేపు బోస్టన్‌లోనో లివర్‌పూల్‌లోనో కూలి వెతుక్కోవలసిన కొడుక్కి ఇంగ్లీషు రావాలని ఏ తల్లికి ఉండదు?

అలా రెండు మూడు తరాలపాటు బడి పిల్లవాణ్ణి తాత మాటకు దూరం చేసింది. 1937లో అదే బడి, అదే నల్లబల్ల, పిల్లవాణ్ణి తాత దగ్గరికి పంపింది. వెళ్లి కూర్చో, ఆయన చెప్పేది విను, ఆయన చెప్పినట్టే రాయి అంది. చిన్నప్పుడు ఆ కర్ర మెడలో మోసినవాళ్లు కొందరు అప్పటికి ఎనభైల్లో ఉండి ఉంటారు. తమ మనవడు పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చుంటే వాళ్ల మనసులో ఏం మెదిలిందో ఊహించవలసిందే. పిల్లల రాతల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే ఉంది. దాన్ని ఓటమిగా చూడనక్కరలేదు. భాష మారిన ఇంట్లో కూడా వెన్న కవ్వం దగ్గరి నియమం మారలేదని ఆ పుటలే చూపిస్తున్నాయి.

మన దగ్గర నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటివారు ఊళ్లు తిరిగి జానపదుల నోటి నుంచి పాటలు సేకరించారు. అంతటి పనిని మన ప్రభుత్వ బడులకూ, వాటిలోని లక్షలాది పిల్లలకూ అప్పగించాలన్న ఆలోచన మన విద్యాశాఖలకు ఇప్పటికైనా రావాలని మేము మనసారా కోరుతున్నాం.

ఐర్లండ్‌లో పిల్లలతోపాటు కమిషన్ దగ్గర జీతం మీద పనిచేసిన సేకర్తలు కూడా ఉండేవారు. మైనపు సిలిండర్ల మీద గొంతు పట్టే ఎడిఫోన్ యంత్రాన్ని మోసుకుని కొండదారుల్లో తిరిగేవారు. విన్నది అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాక సిలిండర్‌ను గీకి నునుపుచేసి మరొకరి గొంతు పట్టేవారు. కొత్త సిలిండర్లు కొనేందుకు డబ్బు లేక చేసిన పని అది. వేల కథలు కాగితం మీద మిగిలాయి, చెప్పినవాళ్ల గొంతులు చాలావరకు పోయాయి. ఈ నష్టాన్ని తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అలా కథలు చెప్పినవాళ్లలో బ్లాస్కెట్ దీవిలో కాపురం చేసిన పెగ్ సేయర్స్ ఒకరు. ఆమెకు ఐరిష్ రాయడం రాదు. ఆమె చెబుతుంటే కొడుకు రాసిన ఆత్మకథ 1936లో వచ్చి, తర్వాత బడుల్లో పాఠ్యపుస్తకమైంది. ఆమె దగ్గర కమిషన్ సేకర్త షోసవ్ ఓ డాలీ వందల కథలు రాసుకున్నాడు. కెర్రీ తీరంలో షాన్ ఓ కోనల్ అనే రైతు ఉండేవాడు. వినేవాళ్లు కరువైన రోజుల్లో కథలు మరిచిపోతానేమోనన్న దిగులుతో, చుట్టుపక్కల ఎవరూ లేరనుకున్నప్పుడు వాటిని పైకి చెప్పుకునేవాడట. ఓ డూలార్గ 1923లో ఆయన్ను కలిశాడు. ఆయన కథల సంపుటం 1948లో అచ్చయ్యేనాటికి ఆయన పోయి పదిహేడేళ్లయింది.

ఇంత గొప్ప భాండారంలోనూ ఖాళీలున్నాయి. దేశం చీలిపోవడంతో బ్రిటన్ పాలనలో ఉండిపోయిన ఆరు ఉత్తర జిల్లాల బడులు పథకంలోకి రాలేదు. పెద్ద నగరాల బడులను మినహాయించారు. డబ్లిన్ వీధుల ఆటలూ పాటలూ సేకరించడానికి 1979లో వేరే పథకం పెట్టవలసివచ్చింది. కరువు శతాబ్ది సందర్భంగా 1945లో కమిషన్ ప్రత్యేకంగా ఒక ప్రశ్నావళి పంపింది. చాలామంది తమ ఊళ్లో అంత కష్టం రాలేదనీ, పక్క ప్రాంతంలో మాత్రం జనం రాలిపోయారనీ చెప్పారు. ఆకలితో చచ్చినవాళ్ల వారసులమని చెప్పుకోవడానికి నోరు రాలేదు. పైగా, ఇంటిల్లిపాదీ పోయినవాళ్ల తరఫున చెప్పడానికి మనవలే లేరు.

మాకు క్షమించరానిదిగా తోచే లోపం ఇంకొకటి. బళ్లమీద ఊరూరా తిరుగుతూ, రేకు గిన్నెలకు మాట్లు వేస్తూ, గుర్రాలు అమ్ముతూ బతికిన ట్రావెలర్ల గురించి 1952లో కమిషన్ ఒక ప్రశ్నావళి తయారుచేసింది. దాన్ని పంపింది స్థిరంగా ఇళ్లల్లో ఉండేవాళ్లకు. ట్రావెలర్లను గురించి ఊళ్లవాళ్లు ఏమనుకుంటున్నారో దస్త్రాలకెక్కింది. ట్రావెలర్లు తమ గురించి ఏమనుకుంటున్నారో ఎక్కలేదు. కమిషన్ సేకరణకు యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చోటు దక్కింది 2017లో. ట్రావెలర్లు ఒక ప్రత్యేక జాతి సమూహమని ఐరిష్ ప్రభుత్వం ఒప్పుకున్నదీ ఆ ఏడాదే.

అప్పట్లో అడిగే దారి లేదని అనడానికి వీల్లేదు. లాంగ్‌ఫర్డ్ జిల్లాలో పాడ్రిగ్ మాక్ గ్రేన్య అనే బడిపంతులు ఓనీ పవర్ అనే ట్రావెలర్ కథకురాలి దగ్గరికి 1930ల్లోనే వెళ్లాడు. ఆమె కథలనూ, ఆమె జనం తమలో తాము మాట్లాడుకునే భాషలోని మాటలనూ రాసుకుని, ఐర్లండ్ ఫోక్‌లోర్ సొసైటీ పత్రికలో అచ్చువేయించాడు. ఆయన 2007 దాకా, నూరేళ్లు దాటి బతికాడు. ఐర్లండ్‌లో అలాంటి పంతుళ్లు పదిమంది ఉండివుంటే 1952 ప్రశ్నావళి వేరే చేతులకు వెళ్లేది.