ప్రొజెక్టర్ సెట్టింగ్స్ కాపీ కొట్టకండి, కొలవండి

కొత్త ప్రొజెక్టర్ ఇంటికి రాగానే చాలామంది చేసే మొదటి పని, అదే మోడల్ వాడుతున్న ఇంకొకరి కలర్ సెట్టింగ్స్ నెట్‌లో వెతికి అంకెలతో సహా దించేయడం. నా ఉద్దేశంలో ఇది దండగ పని. ఆ అంకెలు వాళ్ల గదికి సరిపోయినవి. ల్యాంప్ ఎన్ని గంటలు వెలిగింది, స్క్రీన్ ఏ రకం, గోడల రంగేంటి, ఇవన్నీ కలిసే బొమ్మ మీ కంటికి చేరుతుంది. క్రీమ్ కలర్ గోడ మీద వేస్తే తెలుపు కూడా పసుపుగానే కనిపిస్తుంది.

మరేం చేయాలి? ముందు డైనమిక్ మోడ్ వదిలేయండి. వెలుతురు పెంచడం కోసం చాలా ప్రొజెక్టర్లు అందులో ఆకుపచ్చ ఎక్కువ కలిపేస్తాయి. సినిమా మోడ్ పెట్టి అరగంట వేడెక్కనివ్వండి. తర్వాత కలరీమీటర్‌ని స్క్రీన్ వైపు తిప్పి, హెచ్‌సీఎఫ్‌ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలవండి. తెలుపు డీ65కి, అంటే సుమారు 6500 కెల్విన్‌కి దగ్గరగా రావాలి. డెల్టా ఈ 3 లోపు ఉంటే తేడా కంటికి దాదాపు తెలియదు. అక్కడితో ఆపేయండి.

మీటర్ ఖరీదు ఎక్కువే, ఒప్పుకుంటా. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి ఒకటి కొనుక్కోండి. ల్యాంప్ పాతబడే కొద్దీ రంగు మారుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ పనికొస్తుంది. అప్పటిదాకా సినిమా మోడ్, వార్మ్ కలర్ టెంపరేచర్ చాలు. పక్కవాడి అంకెల కన్నా అవే నయం.