పుష్కర పనుల్లో బూడిద ఇటుక

నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలను తిరిగి వాడే బాధ్యతను బిల్డర్లపై పెడుతూ కేంద్రం 2025లో ప్రకటించిన, 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే నిబంధనలు మంచివే గానీ, వాటితో గోదావరి జిల్లాలకు ఒరిగేది తక్కువ. ఆ బాధ్యత 20 వేల చదరపు మీటర్లు, ఆపైన ఉండే నిర్మాణాలకే. అంతటి కట్టడాలు రాజమహేంద్రవరంలోనే అరుదు, ఇక రాజోలు, నరసాపురాల సంగతి చెప్పేదేముంది? పాత పెంకుటిల్లు పడగొడితే ఆ పెచ్చులూ మట్టీ ఎప్పటిలాగే ట్రాక్టరెక్కి కాలువగట్టుకు చేరతాయి. కొత్త ఇంటి ఇటుక కోసం లంకల ఒండ్రుమట్టిని తవ్వి బట్టీల్లో కాల్చడమూ ఆగదు. నిజానికి అక్కరకొచ్చే ఆదేశం ఇదివరకే ఉంది. బొగ్గు విద్యుత్కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు కట్టే భవనాల్లో, ధర ఎక్కువ కానంతవరకు, బూడిద ఇటుకలే వాడాలన్నది 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్. అటు ఇబ్రహీంపట్నం, ఇటు పరవాడ బొగ్గు విద్యుత్కేంద్రాలు: డెల్టా అంతా ఆ పరిధిలోదే. అడిగే నాథుడే లేడు. కనీసం 2027 గోదావరి పుష్కరాల పనుల టెండర్లలోనైనా బూడిద ఇటుకను, కూల్చిన కాంక్రీటు నుంచి తీసిన కంకరను ప్రభుత్వం షరతుగా పెట్టాలి. సర్కారు కొననిదే చిన్న తయారీదారుకు గిరాకీ నిలవదు. రోడ్డు పక్కన పోస్తే దారినపోయేవారి కళ్లలో పడుతున్న రైసుమిల్లుల ఊక బూడిదనూ ఈ షరతులో చేర్చాలి. సిలికా దండిగా ఉన్న ఆ బూడిద, సరైన వేడిమిలో కాలితే, కాంక్రీటులో కొంత సిమెంటుకు బదులు పనికొస్తుంది. అయితే అన్ని బాయిలర్ల బూడిదా ఒకే తీరుగా ఉండదు. మిల్లువారీగా నమూనాల పరీక్షను కాకినాడ జేఎన్‌టీయూకు అప్పగించి, ఖర్చును ప్రభుత్వమే భరించాలి.