ఏడుగురి ఆటలో ఎవరి జట్టు?

సూరత్ నగరంలో రగ్బీ మైదానం కోసం వెదకబోయేవారికి శ్రమ తప్ప ఫలితం దక్కదు. తపతీ తీరాన ఉన్న ఈ పట్టణంలో మరమగ్గాల మోత వినిపిస్తుంది, వజ్రాలకు సానపట్టే చక్రాల రొద వినిపిస్తుంది, లింబాయత్, ఉధనా వాడలకు వెళ్తే తెలుగు మాట కూడా వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడిపోయాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతున్నది. ఆ పిల్లల ఆట గల్లీ క్రికెట్టే కాని రగ్బీ కాదు.

అయినా ఏడుగురి రగ్బీ ముచ్చటను సూరత్ నుంచి ఆరంభించడానికి కారణం లేకపోలేదు. ఈ ఆటకు పుట్టినిల్లు స్కాట్లండు అయితే మెట్టినిల్లు ఫిజీ. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న ఆ దీవుల అంగళ్లలో గజంబద్ద చేతపట్టి కూర్చున్న వర్తకులు పెక్కుమంది సూరత్, నవసారి ప్రాంతాల గుజరాతీలే. ఆ అంగడి ముందు నిలబడి బట్ట బేరమాడిన చెరకు రైతుల్లో తెలుగువారూ ఉన్నారు.

ఇద్దరూ ఒక దేశంవారే అయినా ఒకే తీరున ఓడ ఎక్కినవారు కారు. సూరత్ వర్తకుడు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో తన ఖర్చుతో, తన ఇష్టంతో వెళ్లాడు. ముందుగా వెళ్లిన బంధువు ఒకడు అక్కడ ఉంటే చాలు, కుట్టుపనో చిల్లర వ్యాపారమో చూసుకొనేవాడు. తెలుగువాడు వెళ్లింది ఒప్పందపు కూలీగా. 1879 మే 14న 'లియోనిడాస్' అనే ఓడ తొలి కూలీలను కలకత్తా నుంచి ఫిజీకి చేర్చింది. 1903 మొదలు మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు బయలుదేరాయి. 1916లో ఆ ప్రయాణాలు నిలిచిపోయేలోగా దాదాపు 15,000 మంది దక్షిణాదివారు, వారిలో విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల తెలుగువారు, అయిదేళ్ల ఒడంబడికపై వేలిముద్ర వేసి చెరకు తోటలకు తరలిపోయారు. 'అగ్రిమెంటు' అనే మాట వారి నోట 'గిర్మిట్' అయింది. గడువు తీరాక కూడా పెక్కుమంది తిరిగి రాలేదు. 1926లో తమిళులతో కలసి దక్షిణ భారతీయుల సంఘం పెట్టుకున్నారు. 1941లో తెలుగువారు విడిగా ఆంధ్ర సంగం స్థాపించుకున్నారు. ఇన్ని చేసినా ఇంటి భాషను మాత్రం నిలుపుకోలేకపోయారు. మనవల కాలానికి వీధిలోనే కాదు, వంటింట్లో కూడా ఫిజీ హిందీయే చలామణీ అయింది.

ఇక ఆట సంగతి. 1883లో స్కాట్లండులోని మెల్రోస్ అనే చిన్న ఊళ్లో రగ్బీ క్లబ్బు ఖజానా ఖాళీ అయింది. నిధుల కోసం పోటీలు పెడదామంటే, పదిహేనేసి మంది జట్లతో ఒక్క దినంలో అన్ని ఆటలు సాగవు. మాంసం కొట్టులో పనిచేసే నెడ్ హేగ్ అనే ఆటగాడు జట్టును ఏడుగురికి కుదిద్దామన్నాడు. మనుషులను కుదించారు గాని మైదానాన్ని కుదించలేదు. ఈ ఆట మర్మమంతా అందులోనే ఉంది. ముప్పైమంది పరుగెత్తే నూరు మీటర్ల మైదానంలో పద్నాలుగు మందే మిగిలారు. ఆట కూడా ఏడేసి నిమిషాల రెండు భాగాలతో ముగుస్తుంది.

తెలుగు పాఠకునికి దగ్గరి పోలిక కబడ్డీ. అక్కడా బరిలో ఉండేది ఏడుగురే. పట్టు, విదిలింపు, కాలి చురుకు, ఒక్కడు జారితే జట్టంతా తెల్లబోవడం, అన్నీ ఇక్కడా ఉన్నవే. నీరసించినవాడు ఇతరుల చాటున దాగుదామంటే చోటు దొరకదు. రగ్బీలో అదనంగా ఒక వింత నిబంధన ఉంది. బంతిని చేతితో ముందుకు విసరరాదు, పక్కకో వెనుకకో మాత్రమే అందించాలి. ముందున్న గీతను చేరాలంటే వెనుకనున్నవానిపై భరోసా పెట్టుకోక తప్పదు.

ఈ విద్యలో ఫిజీవారిని మించినవారు అరుదు. 1976లో హాంకాంగ్‌లో అంతర్జాతీయ పోటీలు మొదలైతే మరుసటి సంవత్సరమే కప్పు ఫిజీకి దక్కింది. 1997లోనూ 2005లోనూ ప్రపంచకప్పు గెలిచిన జట్లలో వైసలే సెరెవి ఉన్నాడు. బంతి అతని చేతిలో ఉన్నంతసేపు ఎదుటివారికి అది ఎటు పోతుందో తెలిసేది కాదంటారు.

అయితే ఆ జట్లలో భారతీయుల పేర్ల కోసం వెదికితే నిరాశే ఎదురవుతుంది. ఫిజీలో జాతిని బట్టి ఆట ఉండేది. రగ్బీ స్థానికులది. పల్లెలో, చర్చి ముంగిట, సైన్యంలో, పోలీసు దళంలో అది పెరిగింది. భారతీయులది ఫుట్‌బాల్. 1938లో వెలసిన సంఘం పేరే 'ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్'. అందులోంచి 'ఇండియన్' అనే మాట తొలగడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. దక్షిణ భారతీయుల సంఘం ఈస్టర్ సెలవుల్లో జరిపే వార్షిక సమావేశంలో నేటికీ సభతో సమానంగా సందడి చేసేది ఫుట్‌బాలే.

భారతీయులకు రగ్బీ ఆడే దేహదారుఢ్యం లేదని చెప్పేవారున్నారు. ఎండలో రోజంతా చెరకు నరికినవారి సంతతి గురించి ఈ మాట అనడానికి కొంత సాహసం కావాలి. అసలు కారణం శరీరంలో లేదు. వలస ప్రభుత్వం ఒకరిని వారి గ్రామాల్లోనూ, మరొకరిని తోటల్లోనూ ఉంచింది. బడులు వేరు, చట్టాలు వేరు. దేశంలో 80 శాతానికి పైగా భూమి స్థానిక వంశాలకే చెందింది, దాన్ని అమ్మరాదు. భారతీయుడు కౌలుకు తీసుకొని సాగు చేయాలి, కౌలు గడువు తీరితే దిగిపోవాలి. ఒకే మైదానంలో ఆడుకోని పిల్లలు పెద్దవారయ్యాక ఒకే జట్టు కాలేకపోయారు.

అది 1987లో తేటతెల్లమైంది. ఆ సంవత్సరం ఏప్రిల్ ఎన్నికల్లో భారతీయుల మద్దతు విశేషంగా పొందిన ప్రభుత్వం గద్దెనెక్కింది. నెల్లాళ్లు గడిచాయో లేదో సిటివేని రబుకా అనే సైన్యాధికారి దానిని కూలదోశాడు. ఈ రబుకా ఒకప్పుడు ఫిజీ జాతీయ రగ్బీ జట్టుకు ఆడినవాడు. కుట్ర జరిగిన తేదీ మే 14. 'లియోనిడాస్' తీరం చేరి ఆనాటికి సరిగా 108 ఏళ్లు. కాకతాళీయమే కావచ్చు గాని, గిర్మిట్ సంతతివారికి అది మరపురాని తేదీ అయిపోయింది. 2000లో మరో కుట్ర జరిగింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకు కుటుంబాలకు కుటుంబాలే తరలిపోయాయి. 1986 జనగణనలో దాదాపు సగంగా ఉన్న భారతీయులు 2007 నాటికి 37 శాతానికి కొంచెం పైన మిగిలారు.

వారికి ఉన్న మరో వెలితి పేరుది. 'ఫిజియన్' అంటే స్థానికుడనే అర్థం. నాలుగు తరాలుగా అక్కడే పుట్టినవాడు కూడా 'ఇండియన్'గానే మిగిలాడు. 2010లో ప్రభుత్వం పౌరులందరినీ ఫిజియన్లుగానే పేర్కొనాలని శాసించింది. ఆ ప్రభుత్వం సైతం 2006లో సైనిక కుట్రతో వచ్చినదే! మంచి పని ఎవరి చేతి మీదుగా జరుగుతుందో చెప్పలేము.

శాసనం పేరు ఇవ్వగలదు. ఆ పేరుతో ఒకరినొకరు పిలుచుకొనే సందర్భం మాత్రం 2016లో వచ్చింది. ఆ ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను 44 మందిని బలిగొని ఊళ్లకు ఊళ్లను నేలమట్టం చేసింది. ఆగస్టు 11న రియో ఒలింపిక్స్‌లో, ఏడుగురి రగ్బీకి తొలిసారి చోటు దక్కిన ఆ క్రీడల్లో, ఫిజీ 43–7తో బ్రిటన్‌ను ఓడించింది. వలస పాలకుడి ఆటలో వలస పాలకుడే ఓడాడు. ఆ దేశానికి ఒలింపిక్స్‌లో ఏ రంగులోనైనా దక్కిన తొలి పతకం అదే. ఓసియా కొలినిసౌ నాయకత్వంలోని ఆటగాళ్లు మోకాళ్లపై నిలిచి పతకాలు అందుకున్నారు. స్వదేశంలో సెలవు ప్రకటించారు. మరుసటి ఏడు లోకంలో మరెక్కడా కానరాని 7 డాలర్ల నోటును అచ్చువేశారు. చెరకు రైతు ఇంటి ముందూ, సూరత్ వర్తకుని మనవడి అంగడి ముందూ అదే నీలి జెండా ఎగిరింది. ఆనాడు బరిలో లేనివారు కూడా 'మనం గెలిచాం' అన్నారు.

2021లో టోక్యోలో మళ్లీ స్వర్ణం. 2024లో పారిస్‌లో ఫ్రాన్స్ చేతిలో 28–7తో ఓటమి. 2022 డిసెంబరులో రబుకా మళ్లీ ప్రధాని అయ్యాడు. 2023 మే 14న, అదే తేదీన, 1987లో తాను చేసినదానికి భారతీయుల ముందు బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. గిర్మిట్ దినానికి జాతీయ సెలవు ఇచ్చింది కూడా ఆ సంవత్సరమే. వలసపోయినవారు ఆ మాటకు తిరిగివస్తారా అంటే రారు. క్షమాపణ కౌలు గడువును కూడా పొడిగించదు. అయినా చెప్పినవాడు పాత రగ్బీ ఆటగాడు కావడం వల్ల దానికి అక్కడ అదనపు బరువు వచ్చింది.

సూరత్ తెలుగువారికి ఇటువంటి గాయాలేవీ లేవు. ఉన్నది చిన్న చిక్కు. కబడ్డీ లీగులో తెలుగు టైటాన్స్, గుజరాత్ జెయింట్స్ తలపడిన రాత్రి లింబాయత్‌లో పుట్టిన కుర్రవాడు ఎవరి వైపు కేకవేయాలి? తాత ఒకటి చెబితే బడి స్నేహితులు మరొకటి చెబుతారు. 2025 జూన్‌లో ముంబయిలో ఏడుగురి రగ్బీకి కూడా ఆరు జట్ల లీగు మొదలైంది. దేశవిదేశాల ఆటగాళ్లు పదిహేను రోజులు పోటీపడ్డారు. సూరత్ నుంచి అక్కడికి రైలులో నాలుగు గంటల ప్రయాణం. ఆ ఆరింటిలో హైదరాబాద్ పేరుతో ఒక జట్టు ఉంది గాని గుజరాత్ పేరుతో ఏదీ లేదు. కాబట్టి ఆ పదిహేను రోజులూ ఆ కుర్రవాడికి ఏ చిక్కూ రాలేదు.