కండ తొందరపడితే రాదు

మన పిల్లలు వ్యాయామశాలల బాట పట్టడం సంతోషించదగ్గ విషయమే. అయితే మూడు నెలల్లో పహిల్వాన్ అయిపోవాలన్న ఆరాటం మాత్రం ప్రమాదకరం.

గామా పహిల్వాన్ 1910లో లండన్ వెళ్లి పేరుమోసిన మల్లులతో తలపడ్డారు. టెస్టోస్టిరాన్ హార్మోన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది 1935లో. అంటే ఆయన దేహం సూదిమందుతో వచ్చింది కాదు; చిన్ననాటి నుంచి తీసిన దండ్‌లు, బైఠక్‌లతో వచ్చింది.

వ్యాయామం మొదలెట్టిన తొలి వారాల్లో ముఖ్యంగా పెరిగేది బలం, కండ కాదు. నరాలు పని నేర్చుకోవడమే దానికి కారణం. కంటికి తేడా కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కొత్తవారికి నెలకు అరకిలో కండ పెరిగినా మంచి ఫలితమే. ఏడాది గడిచాక ఆ వేగమూ తగ్గుతుంది. గుడ్లు, పప్పు, మాంసం, ఏడెనిమిది గంటల నిద్ర, విడవని సాధన - కావలసినవి ఇవే.

స్టెరాయిడ్ సూదులతో కండ త్వరగా వస్తుంది, నిజమే. కానీ శరీరం సొంత హార్మోన్ తయారీ తగ్గించేస్తుంది. వీర్యకణాలు క్షీణిస్తాయి. గుండెకు, కాలేయానికి హాని కలుగుతుంది. పెళ్లి ఫోటోల కోసం సూది వేయించుకున్నవాడు తండ్రి అయ్యే భాగ్యాన్నే పణంగా పెడుతున్నాడు.

శరీరం మన చేతిలోని అమానత్. తల్లిదండ్రులారా! "ఇంత తిన్నా బక్కగానే ఉన్నావేంరా?" అని బిడ్డను ఎగతాళి చేయకండి. ఆ మాటే వాణ్ని సూది దాకా నడిపించవచ్చు. కిందటి ఈద్‌కు ఎత్తలేని బరువును ఈ ఈద్‌కు ఎత్తగలిగితే "మాషాఅల్లాహ్" అనండి. అదే వాడికి అసలైన టానిక్.